షట్టరు బరువెక్కిందంటే

ఇవాళ మన ఇంటి కారు షెడ్డుకుండే ఇనుప షట్టరు గురించి మాట్లాడుకుందాం. అమలాపురంలో కానివ్వండి, రాజోలులో కానివ్వండి, కొత్తపేటలో కానివ్వండి, ఈమధ్య కట్టిన ఇళ్లు చూడండి. కింద కారు షెడ్డు, దానికో షట్టరు, పైన కాపురం. కారు లేనివాళ్లు కూడా ఆ షెడ్డు కట్టించుకుంటున్నారు. మోటారు సైకిలు, ధాన్యం బస్తాలు, దింపు తీసిన కొబ్బరికాయలు అన్నీ అందులోనే. షట్టరు బిగించిన కొత్తలో ఒంటి చేత్తో లేస్తుంది. రెండు మూడేళ్లు గడిచేసరికి ఇద్దరు పట్టాల్సి వస్తుంది. అప్పుడు మెకానిక్కుని పిలుస్తాం. స్ప్రింగు వదులైపోయిందండి, టైటు చేస్తే సరిపోతుందంటాడు. టైటు చేస్తాడు. కొన్నాళ్లు బాగుంటుంది. మళ్లీ బరువెక్కుతుంది. మళ్లీ టైటు చేయిస్తాం. చివరికి ఒకరోజు స్ప్రింగు విరుగుతుంది. షట్టరు పాతదైపోయిందనుకుని కొత్తది కొంటాం. ఈ వరస మనకి తప్పనిది కాదని నా అభిప్రాయం. మన ప్రాంతంలో షట్టరు బరువెక్కితే, పైనున్న స్ప్రింగు జోలికి వెళ్లేముందు పక్కనున్న గైడుల్ని, అంటే పలకలు జారే గాడుల్ని, కిందనున్న పట్టీని చూడాలి. ముందు కింద చూడాలి. తర్వాతే పైన. ఇవాళ చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకో తెలియాలంటే షట్టరు ఎలా లేస్తుందో తెలియాలి. ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న ద్వారం అనుకుందాం. 1.25 మిల్లీమీటర్ల మందం రేకు పలకలు వేశారనుకుందాం. ఆ రేకుని చదునుగా పరిచి లెక్కకట్టినా 58 కిలోల బరువు తూగుతుంది. పలకకీ పలకకీ మధ్య మడతలుంటాయి. కింద దళసరి పట్టీ ఉంటుంది. అవన్నీ కలిపితే ఇంకా ఎక్కువే. మరి అంత బరువు ఒంటి చేత్తో ఎలా లేస్తోంది? పైన డబ్బాలో అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. దానికి స్ప్రింగులుంటాయి. షట్టరు కిందకి దించుతుంటే ఆ స్ప్రింగులు బిగుసుకుంటాయి. పైకి ఎత్తుతుంటే ఆ బిగువు వదులుతూ, పలకల్ని తనే పైకి లాగుతుంది. వెనకటి రోజుల్లో పొలాల గట్ల మీద ఏతాలుండేవి. ఒక చివర నీళ్ల బాన, రెండో చివర దానికి సరితూగే బరువు. బానని నిజంగా పైకి తెచ్చేది ఆ అవతలి బరువే. షట్టరులో ఆ అవతలి బరువు పని స్ప్రింగు చేస్తుంది. మన చెయ్యి ఇచ్చేది చిన్న ఊతం మాత్రమే. కాబట్టి చేతికి బరువు తెలుస్తోందంటే రెండే కారణాలు. స్ప్రింగు తన వంతు మొయ్యట్లేదు. లేదా, పలకల్ని ఏదో పట్టి ఆపుతోంది. మొదటిది బలం తగ్గడం. రెండోది రాపిడి పెరగడం. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటున్నాం. చేతికి రెండూ ఒకేలా తగులుతాయి కనక ఈ పొరపాటు ఎవరికైనా జరుగుతుంది.

ఈ రెండింటినీ విడదీసి చూసే పద్ధతి ఒకటుంది. దానికి పనిముట్లేవీ అక్కర్లేదు. బరువన్నది ఎప్పుడూ కిందకే లాగుతుంది. రాపిడి అలా కాదు. మీరు ఎటు కదిపితే దానికి ఎదురు నిలుస్తుంది. పైకెత్తితే పైకి వెళ్లనివ్వదు. కిందకి దించితే కిందకి రానివ్వదు. కాబట్టి షట్టరుని మెల్లగా ఎత్తి చూడండి. మెల్లగా దించి చూడండి. పక్కన ఇంకో మనిషిని తోడు ఉంచుకోండి. కింద పిల్లల్ని నిలబడనివ్వకండి. ఎత్తేటప్పుడు బరువు, దించేటప్పుడూ గట్టిగా లాగితేనే వస్తోంది అంటే, అది రాపిడి. తప్పు గైడులో ఉంది. ఎత్తేటప్పుడు బరువు, దించేటప్పుడు మాత్రం చెయ్యి జారి దబ్బున పడిపోతోంది అంటే, అది బలం తగ్గడం. తప్పు స్ప్రింగులో ఉంది. ఇది చాలా ముఖ్యం కనక ఇంకోసారి చెబుతాను. రెండు వైపులా బిగువైతే గైడు. ఎత్తితే బరువై, దించితే జారిపోతే స్ప్రింగు. మూడో రకం కూడా ఉంది. ఎత్తేటప్పుడు దానంతటదే పైకి దూసుకుపోతుంది, దించాలంటే మాత్రం వేలాడాల్సి వస్తుంది. అలా ఉంటే స్ప్రింగు అవసరానికి మించి టైటు చేశారన్నమాట. అప్పుడప్పుడు పైనుండే బేరింగు పట్టేసినా, ఏ పలకో వంగినా రెండు వైపులా బిగువుగా ఉండొచ్చు. అయితే అప్పుడు చప్పుడు పైనుంచో, ఒక పక్కనుంచో వస్తుంది. చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

గైడుకి ఈ రాపిడి ఎక్కడినుంచి వస్తోంది? ఇది ఎక్కడైనా వచ్చేదే. మన దగ్గర మాత్రం మరీ ఎక్కువ. మనది గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకీ మధ్య, సముద్రం అంచున ఉన్న నేల. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే గాలి నీటి తుంపరతోపాటు ఉప్పునీ మోసుకొస్తుంది. ఆ ఉప్పు కంటికి కనపడదు. పలకల మీద, గైడు లోపల పలచగా పేరుకుంటుంది. ఉప్పుకున్న గుణం వంటింట్లో అందరూ చూసిందే. శ్రావణ మాసంలో ఉప్పు జాడీ మూత తీసి చూడండి. చెమ్మగిల్లి ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని పీల్చి కరగడం మొదలెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది అంతకన్నా చాలా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. అంటే వాన పడని రోజు కూడా మన షట్టరు తడిగానే ఉంటోంది. ఆ తడి మంచినీళ్ల తడి కాదు, ఉప్పునీళ్ల తడి. ఇనుముని తినెయ్యడానికి అంతకన్నా అనువైనది లేదు. తుప్పు పట్టిన ఇనుము లావెక్కుతుంది. తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు తుప్పు ఆక్రమిస్తుంది. గైడు సందు ఎంతుంటుంది? పలక కదలడానికి సరిపడా. లోపల తుప్పు పెరుగుతున్నకొద్దీ ఆ సందు ఇరుకైపోతుంది. దానికి తోడు మనది కొబ్బరి సీమ. షెడ్డులో కాయలు వలిచినా, పీచు ఆరబెట్టినా పొట్టు రాలుతుంది. ఆ పొట్టు తన బరువుకి ఎన్నో రెట్ల నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. అది గైడు అడుగున చేరిందంటే అక్కడ ఏడాది పొడుగునా తడే. అందుకే మన షట్టర్లు కిందనుంచి పోతాయి. ఏ వీధిలో ఉన్న పాత షట్టరైనా చూడండి. పైన రంగు బాగానే ఉంటుంది. కింద అడుగు ఎత్తు మాత్రం చిల్లులు పడి ఉంటుంది.

మరి దీనికి మందేమిటి? కడగడం. మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, పలచగా నూనె పట్టించడం. ఇంత తేలికా అని మీకు అనిపించవచ్చు. అంతకంటే పెద్ద సందేహం ఇంకొకటి వస్తుంది. ఇనుముకి నీళ్లు తగిలితేనే కదండీ తుప్పు పట్టేది, మీరేమో నీళ్లు పొయ్యమంటున్నారేమిటి అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం ఉప్పులోనే ఉంది. కడిగిన నీరు పొద్దున్న ఎండకి గంటలో ఆరిపోతుంది. ఉప్పు అలా ఆరి పోయేది కాదు. కడిగేదాకా అక్కడే ఉండి, రోజూ రాత్రి గాలిలోంచి కొత్త తడి తెచ్చుకుంటుంది. గంట తడికి భయపడి ఏడాది తడిని ఉంచుకుంటున్నాం. కాబట్టి పొద్దున్నే కడగండి. సాయంత్రం కడగకండి. ముందు పొడి బ్రష్షుతో గైడు లోపల మట్టి, పొట్టు, వదులు తుప్పు రాల్చండి. తర్వాత పైనుంచి కిందకి నీళ్లు పొయ్యండి. పైనున్న డబ్బాలోకి, స్ప్రింగుల మీదకి మాత్రం నీళ్లు చిమ్మకండి. మోటారుంటే ముందు కరెంటు ఆపెయ్యండి. కడిగాక గుడ్డతో తుడవండి. కడిగే నీళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన వైపు చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉన్న ఉప్పు పోయి కొత్త ఉప్పు వస్తుంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లు షట్టరుకి పనికిరావు. కుళాయి నీళ్లో, వడగట్టిన కాలవ నీళ్లో, పట్టుకున్న వాన నీళ్లో వాడండి. రెండు మూడు బకెట్లు చాలు.

కడిగాక నూనె. ఇక్కడా ఒక మాట ఉంది. మన ఇళ్లలో కొబ్బరి నూనెకి కొదవ లేదు కదా, అదే రాస్తే పోదా అంటారు. ధనుర్మాసంలో ఆ నూనె సీసా ఎలా ఉంటుందో తలుచుకోండి. 24 డిగ్రీల దగ్గర కొబ్బరి నూనె పేరుకుంటుంది. గైడులోనూ అలాగే పేరుకుని, దుమ్ముని పట్టుకుని మడ్డిలా తయారవుతుంది. ఇంకొందరు లారీ గ్రీజు దట్టంగా పూస్తారు. పూసిన రోజు జారుడు బల్లలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మనది ఇసుక, ఒండ్రు ఉన్న నేల. గ్రీజుకి ఇసుక అంటుకుంటే అది పలక అంచుల్ని అరగదీస్తుంది. పైగా లోపలున్న ఉప్పుని గ్రీజు కప్పేస్తుందే తప్ప తియ్యదు. వాడేసిన ఇంజను ఆయిలు అసలొద్దు. అందులో మసి, ఆమ్లాలు ఉంటాయి. కుట్టుమిషను నూనె మంచిది. లేదా సిలికాన్ స్ప్రే. నూనెని గుడ్డకి అద్ది, ఆ గుడ్డతో గైడు లోపల తుడవండి. కారేటట్టు పొయ్యకండి. తుప్పు వదిలించే స్ప్రేలు బజారులో దొరుకుతాయి. అవి పట్టేసినదాన్ని వదిలిస్తాయి. కానీ త్వరగా ఆరిపోతాయి. వాటి తర్వాత కూడా నూనె పట్టించాల్సిందే. రంగు సంగతి కూడా చెబుతాను. పలకల ముఖానికి రంగు మంచిదే. గైడు లోపల మాత్రం రంగు వెయ్యకండి. ఆ మందానికి సందు ఇంకా ఇరుకవుతుంది. తుప్పు మీద వేసిన రంగు నిలవదని వేరే చెప్పక్కర్లేదు. గీకి, ప్రైమరు వేసి, ఆ తర్వాత రంగు.

మెకానిక్కులు స్ప్రింగు టైటు చేస్తే షట్టరు నిజంగానే తేలికవుతోంది కదా, మరి అది తప్పెలా అవుతుందని అడగొచ్చు. తేలికవుతుంది, నిజమే. రాపిడిని గెలవడానికి స్ప్రింగుకి అదనపు బలం ఇచ్చాం. కానీ రాపిడి అక్కడే ఉంది. లోపల తుప్పు పెరుగుతూనే ఉంది. అందుకే ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ బరువెక్కుతుంది. ఈలోపు స్ప్రింగు తన తాహతుకి మించి బిగుసుకుని ఉంది. ఉప్పు గాలికి ఆ స్ప్రింగు తీగ మీద కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి. బిగువుగా ఉన్న ఉక్కు ఆ గుంట దగ్గరే చిట్లుతుంది. అంటే మనం డబ్బిచ్చి స్ప్రింగు ఆయుష్షు తగ్గించుకుంటున్నాం. మెకానిక్కుని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మనం అతన్ని పిలిచి అడిగేది షట్టరు తేలిక చెయ్యమని. అతను అదే చేస్తున్నాడు. మనం అడగాల్సిన మాట వేరు. గైడు విప్పి శుభ్రం చెయ్యి, ఆ తర్వాత కూడా బరువుంటే అప్పుడు స్ప్రింగు చూడు అని అడగాలి. ఆ పనికి తగ్గ కూలీ ఇవ్వాలి. ఒక్క విషయంలో మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. స్ప్రింగుని మీరు సొంతంగా ముట్టుకోకండి. షట్టరు పూర్తిగా పైకెత్తి ఉన్నప్పుడు కూడా ఆ స్ప్రింగులో బిగువు ఉంటుంది. పక్క బ్రాకెట్ల నట్లు వదులు చేస్తే ఆ గొట్టం ఒక్కసారిగా తిరుగుతుంది. వేళ్లు, మణికట్లు విరుగుతాయి. కడగడం మన పని. స్ప్రింగు పని తెలిసినవాళ్లది.

వరదల మాట చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద చూశాం. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక గ్రామాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గోదావరి నీరు ఉప్పు కాదు, ఆ మేరకి నయం. కానీ అది ఒండ్రు తెస్తుంది. పొలానికి అది బలమే. గైడులో పడితే మాత్రం ఎండి సిమెంటులా గట్టిపడుతుంది. కాబట్టి వరద తీసిన రోజే, ఆ మట్టి పచ్చిగా ఉండగానే గైడుల్ని కడిగెయ్యాలి. ఎండాక షట్టరుని బలవంతంగా ఎత్తితే పలకలు వంగిపోతాయి. తుపాను వేరు. తుపాను ఉప్పు తెస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కొబ్బరి తోటలు ఏమయ్యాయో పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి వచ్చేముందు షట్టరు పూర్తిగా దించి, రెండు వైపులా గడియలు వెయ్యండి. సగం తెరిచి వదిలితే గాలి లోపలికి దూరి, రేకుల షెడ్డయితే పైకప్పునే లేపేస్తుంది. గాలివాన వెలిశాక, ఎండ వచ్చిన మొదటి పొద్దున్న కడగండి. నెలల తరబడి చేరాల్సిన ఉప్పు ఆ ఒక్క రాత్రిలోనే చేరి ఉంటుంది.

తాళం వేసి ఉన్న ఇళ్లకి ఈ కష్టం ఇంకా ఎక్కువ. మన ఊళ్లలో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంటివాళ్లు గల్ఫులోనో, హైదరాబాదులోనో ఉంటారు. సంక్రాంతికి వస్తారు. ఏడాదిగా కదలని షట్టరుని ఆ రోజు నలుగురు కలిసి ఎత్తుతారు. వాడకపోతే అరగదు కదా అనుకుంటాం. కదలకపోతే పలకల మడతలు తుప్పుతో ఒకదాన్నొకటి పట్టేస్తాయి. రోజూ కదిలే షట్టరు ఆ తుప్పుని ఎప్పటికప్పుడు రాల్చేసుకుంటుంది. ఇల్లు చూసిపెట్టే మనిషికి ఒక మాట చెప్పి ఉంచండి. పదిహేను రోజులకోసారి షట్టరు పూర్తిగా ఎత్తి దించమనండి. వాళ్లకి అయిదు నిమిషాల పని. ఎత్తేటప్పుడు మధ్యలో పట్టుకుని ఎత్తమనండి. ఒక పక్కనే పట్టి లాగితే షట్టరు వంకరపోయి గైడులో ఇరుక్కుంటుంది.

ఇంత శ్రమ ఎందుకండీ, జింకు పూత రేకు వేయించి, మోటారు పెట్టించుకుంటే పోతుంది కదా అనేవాళ్లున్నారు. జింకు పూత మంచిదే. తుప్పు ముందు జింకుని తింటుంది, ఆ తర్వాతే ఇనుము దగ్గరికి వస్తుంది. కొత్తగా వేయించేవాళ్లు తప్పకుండా అదే వేయించండి. కానీ ఉప్పు పేరుకుంటే ఆ పూత కూడా త్వరగా కరిగిపోతుంది. కడిగితే ఎక్కువ కాలం నిలుస్తుంది. మోటారు విషయంలో నాకు ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. మోటారు బరువు తగ్గించదు. బరువు మనకి తెలియకుండా చేస్తుంది. చేత్తో ఎత్తే షట్టరు కాస్త బిగుసుకుంటే ఆ రోజే చేతికి తెలుస్తుంది. మోటారు ఆ బిగువుని ఈడ్చుకుంటూ పోతుంది. అది కాలిపోయే రోజు వరకు మనకి ఏమీ తెలియదు. మోటారున్నవాళ్లు నెలకోసారి దాన్ని విడదీసి, చేత్తో నడిపి చూడండి. కరెంటు లేనప్పుడు చేత్తో ఎత్తే గొలుసో, హ్యాండిలో ఉంటుంది. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసుండాలి. కింద గడియలు తియ్యకుండా స్విచ్చి నొక్కకండి. పట్టీ వంగిపోతుంది.

కొత్తగా షెడ్డు కట్టుకునేవాళ్లు తాపీ మేస్త్రీకి చెప్పాల్సింది ఒకటుంది. గైడు కాళ్లని గచ్చులో పాతి, చుట్టూ సిమెంటు పూసేస్తే అక్కడ నీరు నిలిచే గుంట ఏర్పడుతుంది. ఆ గుంటలోనే తుప్పు మొదలవుతుంది. గైడు అడుగున నీరు బయటికి పోయే సందు ఉంచమనండి. గుమ్మం దగ్గర గచ్చుకి బయటి వైపు వాటం ఇవ్వమనండి.

ఇక ఎప్పుడెప్పుడు కడగాలంటారా? సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో నెలకోసారి కడగడం మంచిది. అమలాపురం, అంబాజీపేట వైపు రెండు నెలలకోసారి. కొత్తపేట, రావులపాలెం వైపు మూడు నాలుగు నెలలకోసారి సరిపోతుంది. ఎక్కడున్నా సరే, వేసవిలో కాలవలు కట్టేసేలోపు ఒకసారి మాత్రం తప్పనిసరి. ఆ తర్వాత మంచినీళ్లకి ఇబ్బంది అవుతుంది. దక్షిణపు గాలి మాత్రం అప్పుడే ఎక్కువ ఉప్పు తెస్తుంది. కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాక, ఇందాక చెప్పిన పరీక్ష మళ్లీ చెయ్యండి. రెండు వైపులా తేలిగ్గా కదిలితే మెకానిక్కుతో పని లేదు. ఎత్తితే బరువై, దించితే జారిపోతుంటే అప్పుడు పిలవండి. స్ప్రింగు చూడమని అప్పుడు చెప్పండి.